చదివినవాళ్లు నిలబెట్టిన గ్రంథం: హీబ్రూ లేఖనాల విశేషాలు

తెలుగు ఇళ్లలో ఉండే బైబిలులో నాలుగింట మూడు వంతులు పాత నిబంధనే. యూదులకైతే అదే సంపూర్ణ గ్రంథం. దాన్ని ఒక్కరు రాయలేదు, ఒక్క తరంలో పూర్తి చేయలేదు. వందల ఏళ్ల పాటు రాశారు, కూర్చారు, తిరగరాశారు, పరభాషల్లోకి మార్చారు, ఏది పవిత్రం ఏది కాదని వాదించుకున్నారు. ఒక రాజు శాసనంతోనో ఒక సభ తీర్మానంతోనో దానికి గౌరవం రాలేదు. చదివినవాళ్లు, రాసినవాళ్లు, ప్రాణాలకు తెగించి దాచినవాళ్లు కలిసి దానికి ఆ స్థానం తెచ్చారు. ఆ కథలో తెలుసుకోదగ్గ విశేషాలు కొన్ని.

24 అన్నా 39 అన్నా ఒకటే

యూదుల లెక్కలో హీబ్రూ లేఖనాలు 24 పుస్తకాలు. ప్రొటెస్టెంట్ల పాత నిబంధనలో 39. అయినా ఎక్కువ తక్కువలేమీ లేవు. సమూయేలు, రాజులు, దినవృత్తాంతములు యూదులకు ఒక్కొక్క పుస్తకమే, క్రైస్తవ బైబిలులో రెండేసి. ఎజ్రా, నెహెమ్యా కలిపి ఒకటి. హోషేయ నుంచి మలాకీ దాకా పన్నెండుమంది ప్రవక్తలు ఒకే చుట్టలో ఇమిడేవారు కాబట్టి వాళ్లందరిదీ ఒకటే పుస్తకం. తోరా అనే ధర్మశాస్త్రంలో 5, నెవియీమ్ అనే ప్రవక్తల భాగంలో 8, కెతువీమ్ అనే ఇతర రచనల్లో 11. ఈ మూడు పేర్ల మొదటి అక్షరాలతో ఏర్పడిందే ‘తనఖ్’ అన్న పేరు. క్రైస్తవుల పాత నిబంధన మలాకీతో ముగిస్తే, చాలా తనఖ్‌లు దినవృత్తాంతములతో ముగుస్తాయి.

వెండి రేకు మీద దీవెన

1979లో యెరూషలేములోని కెతెఫ్ హిన్నోమ్ అనే చోట, ప్రాచీన సమాధి గుహల్లో పురావస్తు శాస్త్రవేత్త గాబ్రియేల్ బర్కాయ్ బృందానికి చుట్టిన వెండి రేకులు రెండు దొరికాయి. తాయెత్తుల్లా ఒంటి మీద ధరించేవి. విప్పితే పెద్దది సుమారు 10 సెంటీమీటర్లు, చిన్నది 4 సెంటీమీటర్ల పొడవు. ముక్కలైపోకుండా వాటిని విప్పి చదవడానికే ఏళ్లు పట్టింది. లోపల సన్నగా గీసిన అక్షరాల్లో, సంఖ్యాకాండము 6వ అధ్యాయంలో యాజకులు ప్రజలకిచ్చే దీవెన కనిపించింది. క్రీ.పూ. 7వ శతాబ్దం చివరిదో, 6వ శతాబ్దం మొదటిదో అని పండితుల అంచనా. బైబిలు మాటలున్న వస్తువుల్లో ఇంతకంటే పాతది ఇప్పటిదాకా దొరకలేదు. అదే దీవెనను తెలుగు చర్చిల్లో ఇప్పటికీ ఆరాధన చివర్లో పలుకుతున్నారు.

మొదటి సాక్షి హుల్దా

క్రీ.పూ. 622 ప్రాంతంలో యోషీయా రాజు దేవాలయానికి మరమ్మతులు చేయిస్తుండగా ప్రధాన యాజకుడు హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం ఒకటి దొరికిందని రాజుల గ్రంథం చెబుతుంది. షాఫాను అనే శాస్త్రి దాన్ని చదివి వినిపించగానే రాజు బట్టలు చించుకున్నాడు. ఆ మాటల సంగతి దేవుని దగ్గర విచారించి రమ్మని తన మనుషుల్ని పంపాడు. వాళ్లు వెళ్లింది యెరూషలేములో కాపురముంటున్న హుల్దా అనే ప్రవక్త్రి ఇంటికి. ఆ గ్రంథంలోని మాటలు జరిగి తీరతాయని ఆమె చెప్పాకే రాజు ప్రజలందరినీ పిలిపించి దాన్ని చదివించాడు. ఒక గ్రంథం మాటలు ప్రామాణికమని సాక్ష్యమిచ్చినవారిలో లేఖనాల్లో మొదట కనిపించేది ఒక స్త్రీ కావడం గుర్తుంచుకోవాల్సిన సంగతి. ఆ దొరికింది ద్వితీయోపదేశకాండపు తొలి రూపమని 1805లో జర్మన్ పండితుడు డి వెట్టె వాదించాడు. ఈనాటి పరిశోధకుల్లో ఎక్కువమంది దాన్ని ఏదో ఒక రూపంలో అంగీకరిస్తారు.

కుంపట్లో వేసినా మళ్లీ పుట్టింది

ఒక లేఖనం ఎలా తయారైందో దగ్గరగా చూపించే ఘట్టం యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయంలో ఉంది. ప్రవక్త నోటితో చెబుతుంటే బారూకు అనే లేఖికుడు సిరాతో చుట్టలో రాశాడు. యిర్మీయాకు దేవాలయంలో అడుగుపెట్టే వీల్లేకపోవడంతో బారూకే వెళ్లి జనానికి చదివాడు. సంగతి అధికారుల చెవిన పడింది. వాళ్లు బారూకును కూర్చోబెట్టి మళ్లీ చదివించుకున్నారు, భయపడ్డారు, ‘నువ్వూ యిర్మీయా ఎక్కడైనా దాక్కోండి’ అని చెప్పి పంపేశారు.

చలికాలం. యెహోయాకీము రాజు కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. యెహూది అనేవాడు మూడు నాలుగు పుటలు చదివేసరికి రాజు లేఖికుడి చాకుతో ఆ మేర కోసి నిప్పుల్లో వేశాడు. మళ్లీ చదవడం, మళ్లీ కోయడం. మొత్తం చుట్ట కాలిపోయేదాకా ఇదే తంతు. వద్దని ముగ్గురు బతిమాలినా వినలేదు. ఆ తర్వాత యిర్మీయా మొదటి నుంచీ మళ్లీ చెప్పాడు, బారూకు మళ్లీ రాశాడు. అలాంటి మాటలే మరెన్నో ఈసారి చేరాయని ఆ అధ్యాయమే చెబుతుంది. అధికారంలో ఉన్నవాడు కాల్చిన పుస్తకం ఇంకా పెద్దదై తిరిగొచ్చింది.

ఒకే ప్రవక్త, రెండు నిడివులు

యిర్మీయా గ్రంథానికి ప్రాచీన కాలంలో రెండు రూపాలుండేవి. గ్రీకు అనువాదంలో ఉన్నది హీబ్రూ ప్రతి కంటే ఎనిమిదో వంతు దాకా చిన్నది, అధ్యాయాల వరుస కూడా కొంత వేరు. గ్రీకు అనువాదకులే కుదించారని చాలాకాలం అనుకున్నారు. మృత సముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహల్లో ఆ చిన్న రూపానికి సరిపోయే హీబ్రూ ముక్కలే దొరికాయి. రెండు రూపాలూ హీబ్రూలోనే పక్కపక్కన బతికాయన్నమాట.

నీటి గుమ్మం దగ్గర పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా

బబులోను చెర నుంచి తిరిగొచ్చిన తరాలు మాట్లాడే భాష క్రమంగా మారిపోయింది. నెహెమ్యా 8వ అధ్యాయంలో ఎజ్రా నీటి గుమ్మం ఎదుటి మైదానంలో, కర్రతో కట్టిన వేదిక మీద నిలబడి తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. స్త్రీలు, పురుషులు అందరూ నిలబడి విన్నారు. లేవీయులు జనానికి అర్థం విడమరిచి చెప్పారు. చదవడం, వెంటనే తెలిసిన మాటల్లో వివరించడం: తర్వాతి కాలపు అరమేయిక్ అనువాదాలకు, అంటే తర్గూములకు, యూదులు ఈ ఘట్టాన్నే మూలంగా చెప్పుకుంటారు. యెమెన్ యూదుల్లో హీబ్రూ వచనం వెంట అరమేయిక్ అనువాదం చదివే ఆచారం ఈనాటికీ ఉంది.

హీబ్రూ లేఖనాలు పూర్తిగా హీబ్రూ కూడా కావు. దానియేలులో దాదాపు సగం, ఎజ్రాలో కొంత భాగం అరమేయిక్. యిర్మీయాలో ఒక్క వచనం అరమేయిక్. ఆదికాండంలో లాబాను ఒక రాళ్ల కుప్పకు పెట్టిన పేరు రెండు అరమేయిక్ మాటలు.

డెబ్భైరెండు మంది, డెబ్భైరెండు రోజులు

ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో స్థిరపడిన యూదుల ఇంటి భాష గ్రీకు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో వాళ్ల కోసం తోరా గ్రీకులోకి వచ్చింది. దీని చుట్టూ అందమైన కథ అల్లుకుంది. ‘అరిస్టియాస్ లేఖ’ అనే రచన ప్రకారం రాజు రెండో టాలెమీ తన గ్రంథాలయం కోసం యెరూషలేముకు కబురు పంపాడు. గోత్రానికి ఆరుగురు చొప్పున 72 మంది పెద్దలు వచ్చారు. ఫారోస్ దీవిలో కూర్చుని 72 రోజుల్లో పని ముగించారు. అలెగ్జాండ్రియా తత్వవేత్త ఫిలో మరో అడుగు ముందుకేసి, వాళ్లందరి కలాల నుంచీ ఒకే మాటలు వెలువడ్డాయన్నాడు. ఆ అనువాదాన్ని తలచుకుంటూ ఏటా ఫారోస్ దీవిలో పండుగ చేసుకునేవారని, యూదులతో పాటు ఇతరులూ వచ్చేవారని కూడా రాశాడు.

ఆ 72ను డెబ్భైగా చెప్పుకుని, ‘డెబ్భై’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే దీనికి సెప్టువజింట్ అన్న పేరు స్థిరపడింది. మిగతా పుస్తకాల అనువాదం ఆ తర్వాత నూట యాభై, రెండు వందల ఏళ్ల పాటు సాగింది. కొత్త నిబంధన రచయితలు లేఖనాలను ఉదహరించినప్పుడు ఎక్కువగా వాడింది ఈ గ్రీకు పాఠాన్నే. ఒక అనువాదాన్ని పండుగ చేసుకునేంతగా ప్రేమించారంటే, లేఖనం తమ భాషలో వినిపించడం ఆ జనానికి ఎంత అవసరమో తెలుస్తుంది.

తాత పుస్తకానికి మనవడి ముందుమాట

బెన్ సీరా అనే యెరూషలేము పండితుడు హీబ్రూలో నీతి గ్రంథం రాశాడు. క్రీ.పూ. 132లో ఈజిప్టు చేరిన అతని మనవడు దాన్ని గ్రీకులోకి మార్చి ముందుమాట జోడించాడు. హీబ్రూలో ఉన్న బలం మరో భాషలోకి అంతే రాదని, లోపాలుంటే మన్నించమని అందులో పాఠకుల్ని కోరాడు. అదే ముందుమాటలో ‘ధర్మశాస్త్రం, ప్రవక్తలు, మిగతా పుస్తకాలు’ అని మూడు భాగాలను ప్రస్తావించాడు. తనఖ్ మూడు భాగాలుగా రూపు కడుతోందనడానికి దొరికే తొలి ఆధారాల్లో ఇది ముఖ్యమైనది. కథలో మెలిక ఏమిటంటే, ఆ పుస్తకం కేథలిక్కుల, ఆర్థడాక్సుల బైబిళ్లలో ఉంది కానీ తనఖ్‌లో చోటు దొరకలేదు.

ఐదు పుస్తకాలతో ఆగినవాళ్లు

సమరయులు తోరాను మాత్రమే లేఖనంగా అంగీకరించారు. యెరూషలేము బదులు గెరిజీము కొండే దేవుడు ఎన్నుకున్న స్థలమని వాళ్ల పాఠం చెబుతుంది. ప్రాచీన హీబ్రూ లిపి నుంచి వచ్చిన అక్షరాలతోనే ఇప్పటికీ రాస్తారు. వెయ్యికి లోపే ఉన్న ఈ సమాజం నాబ్లస్ దగ్గర, టెల్ అవీవ్ పక్కనున్న హోలోన్‌లో నివసిస్తోంది.

దగ్గర ఉంచుకుంటే మరణం

క్రీ.పూ. 167లో రాజు నాలుగో అంతియొకస్ యూద మతాచారాలను నిషేధించాడు. ధర్మశాస్త్ర చుట్టలు కనిపిస్తే చింపి కాల్చేవారని, అవి ఎవరి దగ్గర దొరికితే వారిని చంపేవారని మక్కబీయుల మొదటి గ్రంథం చెబుతుంది. అయినా జనం దాచారు. అంత వెల చెల్లించి కాపాడుకున్న పుస్తకం ఆ తరానికి ఎంత పవిత్రమో వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ప్రవక్తను కాపాడిన 300 జాడీల నూనె

యెహెజ్కేలు గ్రంథం ధర్మశాస్త్రంతో కొన్నిచోట్ల పొసగదు. అమావాస్య మర్నాటి బలికి సంఖ్యాకాండం రెండు కోడెలు, ఏడు గొర్రెపిల్లలు చెబితే, యెహెజ్కేలు ఒక కోడె, ఆరు గొర్రెపిల్లలు అంటాడు. దాంతో ఆ గ్రంథాన్ని పక్కన పెట్టాలన్న మాట వచ్చింది. అప్పుడు హనన్యా బెన్ హిజ్కియా అనే పండితుడు మేడగదిలోకి 300 జాడీల దీపపు నూనె తెప్పించుకుని, అన్ని తేడాలకూ సమాధానం కుదిరేదాకా కిందికి దిగలేదని యూద గురువుల చర్చల సంకలనమైన తల్మూదు చెబుతుంది. పుస్తకాన్ని తీసేయడం తేలిక. దానితో కూర్చుని రాత్రులు గడపడం కష్టం. తల్మూదు మెచ్చుకున్నది రెండోదాన్నే.

పవిత్రమైతే చేతులు మైలపడాలి

ఒక పుస్తకం పవిత్రమా కాదా అని అడగడానికి ప్రాచీన రబ్బీలు, అంటే యూద గురువులు, వాడిన మాట వింతగా ఉంటుంది: ‘ఇది చేతులను అపవిత్రం చేస్తుందా?’ అవునంటే అది పవిత్ర లేఖనం. తల్మూదు చెప్పే కారణం ఇది. యాజకులకిచ్చే ధాన్యాన్ని, పవిత్రమే కదా అని చుట్టల పక్కనే పెట్టేవారు. దాంతో చుట్టలకు నష్టం జరిగేది. ఆ అలవాటు మాన్పించడానికి, చుట్టను తాకితే చేతులు మైలపడతాయని నియమం పెట్టారు.

క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన రబ్బీల ధర్మసూత్రాల సంకలనం మిష్నాలో పరమగీతం, ప్రసంగి మీద ఈ వాదన నమోదైంది. పరమగీతం పవిత్రాల్లోకెల్లా పవిత్రమని రబ్బీ అకీవా గట్టిగా నిలబడ్డాడు. క్రీ.శ. 90లో యవ్నె పట్టణంలో మహాసభ జరిగి పుస్తకాల జాబితా ఖరారైందని పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం రాశారు. 19వ శతాబ్దంలో చరిత్రకారుడు హైన్రిక్ గ్రేట్జ్ ప్రతిపాదించిన ఊహ అది. యవ్నెలో పండితుల చర్చలు జరిగాయి కానీ, జాబితాను మూసేసిన సభకు ఆధారం లేదని నేటి పరిశోధకులు తేల్చారు. రబ్బీలు వాదించింది అప్పటికే జనం చదువుతున్న పుస్తకాల గురించే. ఆదరణ ముందు వచ్చింది, తీర్పు వెనక వచ్చింది.

దేవుని పేరు లేని పుస్తకం

ఎస్తేరు హీబ్రూ గ్రంథంలో దేవుని పేరు ఒక్కసారి కూడా రాదు. కుమ్రాన్ గుహల్లో దీని ప్రతి ఒక్కటీ దొరకలేదు. అయినా ఏటా పూరీము పండుగనాడు సమాజ మందిరాల్లో మొదటి నుంచి చివరిదాకా చదువుతారు. ఆ పండుగే దాన్ని జనం మనసుల్లో నిలిపింది.

ఒకే పుటలో ఆరు వరుసలు

క్రీ.శ. 3వ శతాబ్దంలో కైసరయ పట్టణంలో ఓరిగెన్ అనే క్రైస్తవ పండితుడు హీబ్రూ పాఠం, గ్రీకు లిపిలో దాని ఉచ్చారణ, నాలుగు గ్రీకు అనువాదాలు పక్కపక్కన రాయించాడు. దాని పేరు హెక్సాప్లా. హీబ్రూలో ఉండి గ్రీకులో లేని చోట నక్షత్రపు గుర్తు పెట్టాడు. ఆ బృహద్గ్రంథం నశించింది, ముక్కలే మిగిలాయి.

సొరచెట్టు కోసం గొడవ

క్రీ.శ. 390 ప్రాంతం నుంచి జెరోమ్ అనే క్రైస్తవ పండితుడు బేత్లెహేములో ఉంటూ హీబ్రూ నుంచి నేరుగా లాటిన్‌లోకి అనువదించాడు. యోనాకు నీడనిచ్చిన మొక్క పేరు హీబ్రూలో ‘కికాయోన్’. పాత లాటిన్ బైబిలులో అది సొర. జెరోమ్ ఐవీ తీగ అని రాశాడు. ఇప్పటి లిబియాలోని ట్రిపోలీలో ఒక బిషప్పు కొత్త పాఠం చదవగానే చర్చిలో పెద్ద గలాటా అయింది. తరతరాలుగా విన్న మాట మార్చితే జనం ఊరుకోలేదు. సంఘమంతా చేజారిపోయే పరిస్థితి రావడంతో బిషప్పు పాత మాటకే తిరిగి రావలసి వచ్చిందని 403లో ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్ జెరోమ్‌కు రాసిన ఉత్తరంలో ఉంది. నేటి పండితుల్లో చాలామంది అది ఆముదపు చెట్టు అంటారు. తెలుగు బైబిలు మాత్రం సొరచెట్టు అనే చెబుతుంది. ఆ రోజు చర్చిలో కేకలేసిన జనం మన అనువాదం వింటే శాంతించేవారు.

అక్షరాలు లెక్కపెట్టినవాళ్లు

ప్రాచీన హీబ్రూలో ప్రధానంగా హల్లులే రాసేవారు. అచ్చులు చదివేవాళ్ల నోట ఉండేవి. ఆ ఉచ్చారణ మరుగున పడకుండా 7వ శతాబ్దం నుంచి 10వ శతాబ్దం మధ్య మసోరెట్లు అనే పండితులు అక్షరాల పైనా కిందా చుక్కలు, గీతలు చేర్చారు. వారిలో తిబెరియ పట్టణపు బెన్ ఆషేర్ కుటుంబం ప్రసిద్ధి. ఏ మాట ఎన్నిసార్లు వస్తుందో అంచుల్లో రాసిపెట్టారు. తోరాలో 3,04,805 అక్షరాలని యూదుల లెక్క. సమాజ మందిరంలో చదివే తోరా చుట్ట మాత్రం ఇప్పటికీ చుక్కలు లేకుండా, తోలు మీద చేతితో రాసిందే. వేలు తగలకుండా ‘యాద్’ అనే సన్నని పుల్లతో వరుస చూపిస్తూ చదువుతారు.

రెండు మహా ప్రతుల ప్రయాణం

930 ప్రాంతంలో తయారైన అలెప్పో ప్రతికి చుక్కలు పెట్టింది ఆరోన్ బెన్ ఆషేర్. 1099లో క్రూసేడర్లు యెరూషలేమును పట్టుకున్నాక యూదులు దాన్ని సొమ్ము చెల్లించి విడిపించుకున్నారు. కైరోలో యూద పండితుడు మైమోనిడీస్ దాన్ని ప్రమాణంగా తీసుకున్నాడు. తర్వాత సిరియాలోని అలెప్పోలో దాదాపు ఆరు శతాబ్దాలు భద్రంగా ఉంది. 1947 అల్లర్లలో అక్కడి సమాజ మందిరం తగలబడింది. 1958లో రహస్యంగా యెరూషలేము చేరేసరికి సుమారు 490 ఆకుల్లో 295 మిగిలాయి, తోరా దాదాపు అంతా పోయింది.

ఆ కాలానిదే మరో ప్రతి పేరు సస్సూన్ కోడెక్స్. దాన్ని సేకరించిన డేవిడ్ సాలమన్ సస్సూన్ బొంబాయిలో పుట్టినవాడు, సస్సూన్ డాక్ కట్టిన వ్యాపార కుటుంబం వాడు. 2023లో అది వేలంలో 3.81 కోట్ల డాలర్లు పలికింది. ఇప్పుడు టెల్ అవీవ్‌లోని ఆను మ్యూజియంలో ఉంది.

పారేయకూడని కాగితాలు

దేవుని పేరున్న కాగితాన్ని చెత్తలో వేయడం యూదులకు నిషిద్ధం. చిరిగినవాటిని గెనిజా అనే గదిలో దాచి, తర్వాత పాతిపెడతారు. 1896లో ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అనే స్కాట్లాండ్ కవల సోదరీమణులు తెచ్చిన ఒక ఆకును కేంబ్రిడ్జి పండితుడు సాలమన్ షెక్టర్ చూశాడు. వందల ఏళ్లుగా కనిపించకుండా పోయిన బెన్ సీరా హీబ్రూ పాఠం అది. మూలం వెతుక్కుంటూ కైరోలోని బెన్ ఎజ్రా మందిరం గెనిజాకు వెళ్లాడు. అక్కడి ముక్కలు ఈనాడు కేంబ్రిడ్జిలోనే సుమారు 1,93,000 ఉన్నాయి.

పేపర్లో అమ్మకపు ప్రకటన

1947 ప్రాంతంలో కుమ్రాన్ గుహలో బెదూయిన్ పశుల కాపరులకు జాడీల్లో తోలు చుట్టలు దొరికాయి. తర్వాతి ఏళ్లలో 11 గుహల నుంచి 900కు పైగా ప్రతుల అవశేషాలు బయటపడ్డాయి. యెషయా చుట్ట ఒక్కటే 7.34 మీటర్లు, 66 అధ్యాయాలూ ఉన్నాయి. అప్పటిదాకా తెలిసిన హీబ్రూ ప్రతుల కంటే అది వెయ్యేళ్లు పాతది. ఒక సిరియన్ ఆర్చిబిషప్పు చేతికొచ్చిన నాలుగు చుట్టలు అమ్ముడుపోక, 1954 జూన్ 1న వాల్ స్ట్రీట్ జర్నల్‌లో ప్రకటనకెక్కాయి. ఇజ్రాయెల్ పండితుడు యిగాయెల్ యాదిన్ మధ్యవర్తుల ద్వారా 2,50,000 డాలర్లకు కొన్నాడు. అంతకుముందు మూడు చుట్టలు కొన్న ఎలియెజర్ సుకెనిక్ ఆయన తండ్రే.

అదే గుహల్లోని సమూయేలు ప్రతిలో గొల్యాతు ఎత్తు నాలుగు మూరల జానెడు, అంటే సుమారు రెండు మీటర్లు. మన బైబిళ్లలో ఉన్నది ఆరు మూరల జానెడు.

విప్పకుండానే చదివిన బొగ్గుముద్ద

1970లో ఏన్గెదీలో, కాలిపోయిన ప్రాచీన సమాజ మందిరంలో ఒక బొగ్గుముద్ద దొరికింది. ముట్టుకుంటే పొడి అయ్యేది. నలభై ఐదేళ్ల తర్వాత దాన్ని స్కాన్ చేసి, కెంటకీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త బ్రెంట్ సీల్స్ బృందం కంప్యూటర్‌లోనే పొరలు విప్పింది. లేవీయకాండం మొదటి అధ్యాయాలు కనిపించాయి. హల్లులన్నీ మధ్యయుగపు మసోరెట్ల పాఠంతో సరిపోయాయి. లేఖికులు ఎంత నిష్ఠగా నకలు తీశారో చెప్పడానికి అంతకంటే నిదర్శనం ఏముంటుంది?

తెలుగు నేల మీద

18వ శతాబ్దంలో మద్రాసులో బెంజమిన్ షుల్ట్‌జ్ బైబిలును తెలుగులోకి మార్చాడు కానీ అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు మళ్లీ మొదలుపెట్టారు. పాత నిబంధనతో కలిపి పూర్తి బైబిలు తెలుగులో అచ్చయ్యేసరికి 19వ శతాబ్దం నడిమికొచ్చింది.

గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గరున్న కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూద సమాజం ఉంది. తాము ఎఫ్రాయిము గోత్రీకులమని వాళ్ల నమ్మకం. 1990ల మొదట్లో సమాజ మందిరం కట్టుకున్నారు, విశ్రాంతి దినం పాటిస్తున్నారు, హీబ్రూ నేర్చుకుంటున్నారు. తెలుగులో పరిచయమైన మాటల్ని మూలభాషలో చదవాలన్నది వాళ్ల తపన.

అలెగ్జాండ్రియాలో గ్రీకు కోరుకున్నవాళ్లదీ, చేబ్రోలు దగ్గర హీబ్రూ నేర్చుకుంటున్నవాళ్లదీ ఒకటే ఆరాటం: ఈ మాటలు తమకు అర్థం కావాలి, తమవి కావాలి. హీబ్రూ లేఖనాల ప్రామాణ్యానికి పునాది అదే. విశ్వాసం ఏదైనా కానీ, ఇంట్లో తెలుగు బైబిలు ఉంటే యిర్మీయా 36వ అధ్యాయం ఒకసారి గట్టిగా చదవండి. ఒక పుస్తకం ఎలా పుడుతుందో, ఎవరి వల్ల బతుకుతుందో ఆ ఒక్క అధ్యాయమే చెబుతుంది.